అమ్మా, దీనికి జవాబేమిటి?

సాయంకాలం పిల్లలు పుస్తకాలు ముందేసుకుని ఏదైనా సందేహం అడిగితే, ‘నాన్నగారు రానీ, అడుగుదువుగాని’ అని తప్పించుకునే తల్లులం మనలో చాలామందిమి. మనం చదివింది మెట్రిక్యులేషనేనని, వీళ్ల పాఠాలు మనకు కొరుకుడు పడవని బెరుకు. నిజం చెప్పాలంటే అబ్బాయి చదివే శరీరధర్మశాస్త్రానికీ, బి.ఇడి. చదివే అమ్మాయి మనస్తత్వశాస్త్రానికీ కావలసిన సరంజామా సగం మన వంటింట్లోనే ఉంది. జవాబు చెప్పనక్కర్లేదు, చూపిస్తే చాలు.

జీర్ణక్రియ పాఠమే తీసుకోండి. లాలాజలంలోని అమైలేజ్ పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తుందని అబ్బాయి పదిసార్లు వల్లిస్తాడు. వాడికి ఒక ముద్ద ఉత్త అన్నం, కూరా పులుసూ కలపకుండా పెట్టి, మింగకుండా రెండు నిమిషాలు నమలమనండి. నెమ్మదిగా తియ్యదనం తెలుస్తుంది. ఇంకా నమ్మకపోతే, పల్చని గంజి బాగా చల్లార్చి రెండు పాత సీసాల్లో కొంచెం కొంచెం పోయండి. ఒకదాంట్లో వాడి ఉమ్మి కలిపించి (మొహం చిట్లించకండి!) పావుగంట తర్వాత రెండింట్లోనూ టింక్చర్ అయొడిన్ ఒక్కొక్క చుక్క మీరే వేయండి. ఉత్త గంజి నల్లని నీలంగా మారుతుంది. రెండోది అంత నీలం కాదు, అందులోని పిండి చాలావరకు కరిగి చక్కెర అయింది గనుక. గంజి వేడిగా ఉంటే మాత్రం ప్రయోగం చెడుతుంది. ఆ వేడికి అమైలేజ్ పాడవుతుంది.

ఈ లాలాజలమే మనల్ని మనస్తత్వశాస్త్రంలోకీ తీసుకెళుతుంది. జీర్ణక్రియ మీద పరిశోధనలకు 1904లో నోబెల్ బహుమతి పొందిన రష్యా శాస్త్రజ్ఞుడు పావ్‌లోవ్, తన కుక్కలకు తిండి నోట పడకముందే, తెచ్చేవాళ్ల అడుగుల చప్పుడుకే నోరూరడం గమనించాడు. మామిడికాయ ముక్కల మీద ఉప్పూ కారం చల్లుతుంటే మనకు నోరూరడం లేదూ? తిండికి ముందు పదే పదే వినిపించిన చప్పుడు చివరికి తిండిలాగే పనిచేస్తుంది. దీన్నే నిబంధనం అంటారు. అమ్మాయికి కుక్క ఉదాహరణతో పాటు ఇదీ చెప్పండి: లెక్కల పుస్తకం తీసినప్పుడల్లా మొట్టికాయ పడితే, కొన్నాళ్లకు మొట్టికాయ లేకపోయినా ఆ పుస్తకం చూస్తేనే పిల్లవాడి గుండె దడదడలాడుతుంది. ఇక సందేహం అడిగినప్పుడల్లా ‘ఆమాత్రం తెలీదా’ అనిపించుకున్న పిల్ల అడగడమే మానేస్తుంది. ఈ రెండోది అమెరికా శాస్త్రజ్ఞుడు స్కిన్నర్ పాఠం: చేసిన పనికి వచ్చే ఫలితాన్నిబట్టి ఆ పని పెరగడమో, తగ్గడమో. పరీక్షలో ఈ ఇద్దరినీ కలగాపులగం చేస్తుంటారు.

పౌరశాస్త్రం దగ్గరికొచ్చేసరికి చిక్కు మనకే. ప్రాథమిక హక్కులకూ ఆదేశిక సూత్రాలకూ తేడా ఏమిటని ప్రశ్న. హక్కుకు భంగం కలిగితే కోర్టుకెళ్లవచ్చు. ఆదేశిక సూత్రాలు ప్రభుత్వం నడవవలసిన బాటే గాని, వాటికోసం కోర్టుకెక్కలేం. ఇది బట్టీపడితే మర్నాటికి తారుమారవుతుంది. చదువు సంగతి చెప్పండి, గుర్తుంటుంది. 1950లో రాజ్యాంగం అమల్లోకి వచ్చినప్పుడు 14 ఏళ్లలోపు పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య ఆదేశిక సూత్రాల్లో ఉండేది, పదేళ్లలో ఏర్పాటు చేయడానికి ప్రయత్నించాలని. 2002లో 86వ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు దాన్ని ప్రాథమిక హక్కు చేసింది. అది అమలుకొచ్చింది 2010 ఏప్రిల్ 1న. ఆ జాబితాలోంచి ఈ జాబితాలోకి రావడానికి అరవై ఏళ్లు!

అప్పుడు వాడు అడుగుతాడు: ‘మరి ఎదురింట్లో గిన్నెలు తోమే పిల్ల బడికెందుకు వెళ్లదమ్మా?’ ఇది పాఠం చివరి ప్రశ్నల్లో ఉండదు. ‘పెద్దల సంగతులు నీకెందుకురా’ అనకండి. 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇళ్లలో పనికి పెట్టుకోవడం 2006 అక్టోబరు నుంచి నిషేధమని, పిల్లల సహాయానికి 1098 నంబరు ఉందని ఉన్నదున్నట్టు చెప్పండి. ఎదురింటావిడతో మాట్లాడవలసింది మాత్రం మనమే, వాడు కాదు.

ఇక పరీక్షల ముందు మాట. చదివిందే మళ్లీ మళ్లీ చదవడంకన్నా, పుస్తకం మూసి గుర్తుచేసుకుని చెబితే ఎక్కువకాలం నిలుస్తుందని మనస్తత్వశాస్త్రజ్ఞులు ప్రయోగాలతో తేల్చారు. ఇందుకు డిగ్రీలు అక్కర్లేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ‘మూత్రపిండాలు ఏం చేస్తాయిరా, నాకు చెప్పు’ అనండి. తడబడితే వెంటనే అందించకండి, కాస్త ఆగండి. అప్పటికీ రాకపోతే పుస్తకం వాడిచేతే తెరిపించండి.