లేజరు లైటు దగ్గర పనా? ముందు కళ్లు జాగ్రత్త!

మన అక్షర కేంద్రానికి వచ్చే ఒక అక్క నన్ను ఇలా అడిగింది.

"టీచరమ్మా, మా పిల్ల టౌనులో బ్యూటీ పార్లర్‌లో పనికి కుదిరింది. అక్కడ గడ్డం మీద, పైపెదవి మీద వెంట్రుకలు పోవడానికి లేజరు లైటు కొడతారట. పక్కన సాయం ఉండే పిల్లలకు అద్దాలు ఇవ్వరట. తల పక్కకు తిప్పుకుంటే చాలంటారట. నిజంగా చాలా?"

చాలదు. ఎందుకో తెలుసుకుందాం.

లేజరు అంటే ఏమిటి?

ఇంట్లో బల్బు వెలుగు గదంతా పరుచుకుంటుంది. లేజరు వెలుగు అలా కాదు. సన్నని గీతలా ఒకే వైపు పోతుంది. 1960లో అమెరికాలో మైమన్ అనే శాస్త్రవేత్త మొదటి లేజరు తయారుచేశాడు. షుగరు జబ్బుతో కన్ను పాడవుతుంటే డాక్టర్లు లేజరుతో చూపు కాపాడుతున్నారు. మంచి పనిముట్టే. కత్తిపీట కూడా మంచి పనిముట్టే కదా! వాడటం తెలియాలి.

కంటికి ఏమవుతుంది?

ఎండలో భూతద్దం పెడితే కింద కాగితం కాలుతుంది. చూశారు కదా? మన కంట్లో కూడా అలాంటి అద్దమే ఉంది. లోపలికి వచ్చిన లేజరు వెలుగును అది వెనక తెర మీద ఒక్క చుక్కలో పోగుచేస్తుంది. ఆ తెర పేరు రెటీనా. రెప్ప వేసేలోపే అది కాలిపోవచ్చు. చాలాసార్లు నొప్పి కూడా తెలియదు. పోయిన చూపు మళ్లీ రావడం కష్టం.

కొన్ని లేజర్ల వెలుగు కంటికి కనిపించదు. కనిపించని దాని నుంచి తల ఎటు తిప్పుకుంటాం? పైగా గోడ అద్దానికో, స్టీలు పళ్లానికో తగిలి వెలుగు వెనక్కి కొడుతుంది.

ఏ అద్దాలు పెట్టుకోవాలి?

చలువ కళ్లద్దాలు పనికిరావు. లేజరు మిషన్ మీద దాని వెలుగు రకాన్ని తెలిపే అంకె ఉంటుంది. 755, 810, 1064 ఇలా ఉంటాయి. అద్దాల మీద కూడా అదే అంకె ఉండాలి. లేదా అద్దాల మీద రెండు అంకెలు ఉంటే, మిషన్ అంకె వాటి మధ్య రావాలి. 755 కోసం చేసిన అద్దాలు 1064ను ఆపకపోవచ్చు. పక్కన ఓ.డి. అని ఇంకో అంకె ఉంటుంది. అద్దం వెలుగును ఎంత ఆపుతుందో అది చెబుతుంది. మిషన్ పుస్తకంలో రాసినంత ఉండాలి.

ఐ.పి.ఎల్. మిషన్ లేజరు కాదు. కానీ దాని మెరుపూ ప్రమాదమే. దానికి అద్దాలు వేరు.

గుర్తుంచుకోండి

1. మిషన్ వేసే ముందే గదిలో అందరూ అద్దాలు పెట్టుకోవాలి. పడుకున్న మనిషి కళ్లు పూర్తిగా కప్పాలి.
2. తలుపు మూయాలి. బయట హెచ్చరిక బోర్డు పెట్టాలి.
3. గోడ అద్దాలు కప్పాలి. ఉంగరాలు, వాచీ తీసెయ్యాలి.
4. చర్మానికి స్పిరిట్ రాస్తే బాగా ఆరనివ్వాలి. లేకుంటే అంటుకుంటుంది.
5. కనురెప్పల మీద, కనుబొమల కింద లేజరు కొట్టకూడదు.
6. పని అయ్యాక మిషన్ తాళంచెవి తీసెయ్యాలి.

కంటి ముందు నల్లమచ్చ, మసక కనిపిస్తే కన్ను నలపకండి. వెంటనే కంటి డాక్టరు దగ్గరకు పోవాలి. మిషన్ అంకె రాసుకుని తీసుకుపోవాలి.

అడిగితే పని పోతుందా?

ఇదంతా విని ఆ అక్క, "అద్దాలు అడిగితే పనిలోంచి తీసేస్తారేమో" అంది. ఆ భయం నిజమే. అందుకే ఒక్కతే కాదు, పనిచేసే వాళ్లంతా కలిసి అడగాలి. అద్దాలూ, శిక్షణా ఇవ్వాల్సింది యజమానే. పని పోతే ఇంకోచోట వెతుక్కుంటాం. చూపు పోతే ఎక్కడ వెతుకుతాం?

వారం తర్వాత అక్క ఒక చీటీ తెచ్చింది. పార్లర్‌కు పోయి తానే చూసి రాసుకొచ్చింది. "మిషను 1064. అద్దాలు 755."

"ఇవి సరిపోవు కదా టీచరమ్మా?" అంది.

సరిపోవు. సరైన అద్దాలు వచ్చేదాకా ఆ గదిలోకి పోనని పిల్ల చెప్పేసిందట. మిగతా పిల్లలు కూడా అదే మాట అన్నారట.