ఆలయమును చదువ నేర్పిన విదుషి: స్టెల్లా క్రామ్రిష్

కూర్మన్నపాలెమునకు సింహాచలము దూరము కాదు. చందనయాత్రనాడు గంటల తరబడి వరుసలో నిలిచి అప్పన్నస్వామి నిజరూపమును దర్శించి వచ్చువారు మనలో ఎందరో కలరు. కాని ప్రదక్షిణము చేయునపుడు గోడలమీది శిల్పములను నిలిచి చూచువా రెందరు? గర్భగృహము చీకటిగా, ఇరుకుగా ఏల ఉండవలెను? దానిపై విమానము కొండవలె ఏల లేవవలెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకై ఆస్ట్రియా దేశపు విదుషి యొకతె తన జీవితమును ధారపోసెను. ఆమెయే స్టెల్లా క్రామ్రిష్.

1896 మే 29వ తేదీన, నాటి ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యములోని నికోల్స్‌బర్గు పట్టణమున ఆమె జన్మించెను. ఆ ఊరు నేడు చెక్ దేశములో నున్నది. బాల్యమున ఆమె నృత్యము నభ్యసించెను. భారతీయ శిల్పములోని కదలికను అంత సూక్ష్మముగా గుర్తించుటకు ఆ శిక్షణ తోడ్పడెనని తలచుట అసంగతము కాదు. వియన్నా విశ్వవిద్యాలయమున కళాచరిత్ర చదివి, భారతదేశపు తొలి బౌద్ధశిల్పముపై పరిశోధన చేసి, 1919లో డాక్టరు పట్టము పొందెను. అప్పటి కామె మన దేశమున అడుగిడలేదు! ఆక్స్‌ఫర్డులో ఆమె ఉపన్యాసము విన్న రవీంద్రనాథ ఠాకూరు ఆమెను శాంతినికేతనమునకు ఆహ్వానించెను.

పిమ్మట 1950 వరకు ఆమె కలకత్తా విశ్వవిద్యాలయమున భారతీయ కళను బోధించెను. విష్ణుధర్మోత్తరములోని చిత్రకళాభాగమును ఆంగ్లమున కనువదించెను. 1933లో భారతీయ శిల్పముపై గ్రంథము ప్రకటించెను. దక్కను చిత్రకళపై ఆమె వ్రాసిన గ్రంథము 1937లో నిజాం ప్రభుత్వపు పురావస్తుశాఖ పక్షమున వెలువడినది. అజంతా గుహలు నాడు ఆ రాజ్యములోనివే గదా!

ఆమె కీర్తికి మూలస్తంభము 1946లో రెండు సంపుటములుగా వెలువడిన 'హిందూ దేవాలయము' అను ఆంగ్లగ్రంథము. అందలి సారాంశమిది: వాస్తుపురుష మండలమును 64 గాని 81 గాని గడులుగా విభజించి, నడుమ బ్రహ్మస్థానమును నిర్ణయింతురు. గర్భగృహము పేరునకు తగినట్లు గర్భమువంటిది, పర్వతగుహవంటిది. అందుచే చీకటి దాని లోపము కాదు, లక్షణము. శిఖరము మేరువునకు ప్రతిరూపము. లోపల అవ్యక్తముగా నున్న శక్తి వెలికి వచ్చి గోడలపై దేవతామూర్తులుగా రూపొందును. కావున శిల్పము ఆలయమునకు తొడిగిన నగ కాదు. ఆలయము పలుకు వాక్కు.

ఈ దృష్టితో, 13వ శతాబ్దమున తూర్పు గాంగుల కాలములో నేటి రూపము దాల్చిన సింహాచలాలయమును చూడుడు. వెలుతురులో బహురూపములను చూచుచు చుట్టి వచ్చిన భక్తుడు, తుదకు మసక చీకటిలో ఏకరూపము నెదుట నిలుచును.

ఆమె వాదమును అందరును అంగీకరింపలేదు. సంకేతార్థములకు అధిక ప్రాధాన్యమిచ్చి, కట్టించిన రాజులను, పనిచేసిన శిల్పులను, చారిత్రక పరిస్థితులను వెనుకకు నెట్టినదని కొందరు విమర్శించిరి. ఆ విమర్శలో బలము లేకపోలేదు. శాసనములను చదువనిదే ఆలయచరిత్ర తెలియదు. అయినను శాసనము కట్టిన కాలమును చెప్పునే గాని, అట్లే ఏల కట్టిరో సాధారణముగా చెప్పదు. ఆ 'ఏల' అను ప్రశ్నను విడువక పట్టుకొనుటయే ఆమె ఘనత.

1950లో భర్తను కోల్పోయిన ఆమె అమెరికాకు వెడలి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున బోధించుచు, 1954 నుండి ఫిలడెల్ఫియా కళాసంగ్రహాలయమున భారతీయ కళావిభాగమును పోషించెను. 1968లో గ్రామీణుల, గిరిజనుల కళలను, 1981లో శివమూర్తులను అచట ప్రదర్శించెను. భారత ప్రభుత్వము 1982లో పద్మభూషణ బిరుదముతో ఆమెను గౌరవించెను. 1993లో ఆమె ఫిలడెల్ఫియాలో కన్నుమూసెను.

అర్థము తెలియని వస్తువును కాపాడవలెనను తలంపు పుట్టదు. అందుచేతనే మన ఊళ్ళలో జీర్ణోద్ధరణ పేరిట శిల్పములపై సున్నము పూయుటయు, రంగులు పులుముటయు జరుగుచుండును. ఈసారి కొండకు వెళ్లినపుడు పిల్లలను వెంటగొని, ఒక్క ప్రదక్షిణము మెల్లగా, గోడలను చూచుచు చేయుడు. దర్శనము అచటనే ఆరంభమగును.