నొప్పి తగ్గాలి సరే... ఎంత? ఎప్పటికి?

నర్సింగ్ విద్యార్థుల కేర్ ప్లాన్ పుస్తకాలు తిరగేయండి. ‘లక్ష్యం’ అన్న గడిలో ఇంగ్లీషులో రాసినా తెలుగులో రాసినా సారం ఒకటే: నొప్పి తగ్గించాలి, జ్వరం తగ్గించాలి, రోగికి ధైర్యం చెప్పాలి. ఇందులో తప్పేముందని ఎవరైనా అంటారు. చిక్కు అక్కడే. నొప్పి రవ్వంత తగ్గినా లక్ష్యం నెరవేరినట్టే. అసలు తగ్గకపోతే ‘ప్రయత్నం జరుగుతోంది’ అని రాసుకోవచ్చు.

అదే మాటను ఇలా రాస్తే? ‘అపెండిక్స్ ఆపరేషన్ అయిన రోగి ఇప్పుడు నొప్పి పదికి ఏడు అంటున్నాడు. సాయంత్రం 4 గంటలకల్లా మూడు, లేదా అంతకన్నా తక్కువ అనాలి. రాత్రి 8 లోపు ఒకరి సాయంతో మంచం దిగి బాత్రూమ్ దాకా నడవాలి.’ ఇక సాకులు చెల్లవు. నాలుగింటికి అడిగినప్పుడు ఆరు అన్నాడంటే మందు చాలలేదనో, కోత దగ్గర ఇంకేదో జరుగుతోందనో అర్థం. డాక్టరుకు చెప్పాల్సిందే.

వార్డులో ఈ అంకెల అవసరం మిగతా చోట్ల కంటే ఎక్కువ. పొద్దున డ్యూటీ చేసిన సిస్టర్ మధ్యాహ్నం వెళ్లిపోతారు. ఆ రోగి ముఖం కూడా చూడని మరొకరు వచ్చి బాధ్యత తీసుకుంటారు. హ్యాండోవర్‌లో ‘బానే ఉన్నాడు, యూరిన్ వస్తోంది’ అంటే వచ్చిన మనిషికి ఏం తెలిసినట్టు? పెద్దవాళ్లలో కిలో బరువుకు గంటకు కనీసం అర మిల్లీలీటరు మూత్రం రావాలన్నది మామూలు లెక్క. అరవై కిలోల మనిషికి గంటకు 30, ఆరు గంటల డ్యూటీలో 180. బ్యాగులో 110 మాత్రమే ఉంటే యూరిన్ ‘వస్తోంది’ అన్న మాట నిజమే కానీ, కిడ్నీలకు రక్తం సరిగా అందడం లేదేమోనని ఆలోచించాల్సిన వేళ అది.

స్పష్టమైన లక్ష్యం మనిషి పనితీరును మారుస్తుందని తేల్చింది మాత్రం ఆస్పత్రుల్లో కాదు. అమెరికన్ మనస్తత్వవేత్త ఎడ్విన్ లాక్ 1960లలోనే ‘శాయశక్తులా చేయండి’ అన్న మాట కంటే కచ్చితమైన, కాస్త కష్టమైన లక్ష్యం ఎక్కువ ఫలితమిస్తుందని ప్రయోగాలతో చూపించాడు. ఆయన సహచరుడు గ్యారీ లేథమ్ ఓక్లహోమాలో దుంగలు మోసే లారీల మీద దీన్ని పరీక్షించాడు. డ్రైవర్లు చట్టం అనుమతించిన బరువులో 60 శాతం దగ్గరే ఆగిపోతున్నారు. 94 శాతం నింపాలని లక్ష్యం పెట్టారు. పైసా అదనంగా ఇవ్వలేదు. కొన్ని నెలల్లో బరువు 90 శాతానికి చేరింది. ఈ ఫలితాలు 1975లో అచ్చయ్యాయి. నర్సింగ్ కాలేజీల్లో లక్ష్యం ఎలా ఉండాలో చెబుతూ బట్టీ పట్టించే ‘స్మార్ట్’ సూత్రాన్ని 1981లో జార్జ్ డోరన్ ఒక మేనేజ్‌మెంట్ పత్రికలో రాశాడు. ఆయన మొదటి జాబితాలో ‘ఈ పని ఎవరిది?’ అన్న ప్రశ్న ఉంది. తర్వాత వచ్చిన చాలా పుస్తకాల్లో అది పోయి ‘సాధ్యమేనా?’ వచ్చి కూర్చుంది. వార్డుకు పాతదే మేలని నా అభిప్రాయం. అందరిదీ అయిన పని ఏ రాత్రి డ్యూటీలోనూ జరగదు.

విద్యార్థులు తరచూ పడే పొరపాటు మరొకటి ఉంది: నర్సు చేసే పనిని రోగి లక్ష్యంగా రాసేయడం. ‘రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి’ అనేది పని. ‘డిశ్చార్జి నాటికి పిరుదుల పైన, మడమల దగ్గర చర్మం ఎక్కడా చెడకూడదు’ అనేది లక్ష్యం. మంచాన పడినవాళ్లకు పుండ్లు పడే ముప్పును అంచనా వేయడానికి 1987లో బార్బరా బ్రేడన్, నాన్సీ బెర్గ్‌స్ట్రోమ్ ఒక కొలమానం ఇచ్చారు. అందులో మొత్తం 6 నుంచి 23 వరకు వస్తుంది. 18కి దిగితే జాగ్రత్త పడాలి. చర్మాన్ని చూడటంలోనూ కొలత ఉంది. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ ఎరుపెక్కితే ఫరవాలేదు. నొక్కినా ఎరుపు చెదరకపోతే పుండు మొదలైనట్టే. మన చామనఛాయ ఒంటి మీద ఆ ఎరుపు అంత తేలిగ్గా కనబడదు. అందుకే చేత్తో తాకి వేడి, గట్టిదనం కూడా చూడాలి.

కొలత పట్టుకుంటే ఎంత దూరం పోవచ్చో మిషిగన్ రాష్ట్రం చూపించింది. ఐసీయూ రోగుల పెద్ద రక్తనాళాల్లో పెట్టే క్యాథెటర్ల వల్ల వచ్చే ఇన్ఫెక్షన్లపై పీటర్ ప్రొనొవోస్ట్ బృందం అక్కడ వందకు పైగా ఐసీయూలతో పనిచేసింది. చెప్పింది ఐదే పనులు: చేతులు కడగడం, రోగిని పూర్తిగా స్టెరైల్ బట్టతో కప్పడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, వీలైనంత వరకు తొడ సిరను వదిలేయడం, అవసరం తీరగానే క్యాథెటర్ తీసేయడం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా, అత్యవసరం కానప్పుడు, డాక్టరును ఆపే అధికారం నర్సుకు ఇచ్చారు. లెక్క ‘వెయ్యి క్యాథెటర్ రోజులకు ఎన్ని ఇన్ఫెక్షన్లు’ అని. పది మందికి మూడేసి రోజులు క్యాథెటర్ ఉంటే అది 30 రోజులు. 2006లో వెలువడిన ఫలితాల ప్రకారం మధ్యస్థ విలువ 2.7 నుంచి మూడు నెలల్లో సున్నాకు దిగింది. నర్సు నోటికి అధికారం లేకపోతే ఆ ఐదు పనులూ గోడకు అంటించిన కాగితంగానే మిగిలేవి.

అయితే అంకెకు మరో ముఖం ఉంది. బ్రిటన్‌లో ఎమర్జెన్సీకి వచ్చిన రోగిని నాలుగు గంటల్లో చూసి పంపాలన్న లక్ష్యం పెట్టారు. అక్కడి స్టాఫర్డ్ ఆస్పత్రిలో ఇలాంటి టార్గెట్లు, ఖర్చు తగ్గింపు మీదే యాజమాన్యం చూపంతా నిలిచింది. వార్డుల్లో మంచినీళ్లు రోగుల చేతికి అందని దూరంలో ఉండిపోయాయి, ముసలివాళ్లు తడిసిన పక్కల్లోనే పడి ఉన్నారు. ఆ ఆస్పత్రిపై విచారణ జరిపిన రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో ఇచ్చిన నివేదికలో ఇవన్నీ ఉన్నాయి. కొలిచినదాన్ని బాగుచేసుకుంటూ, కొలవనిదాన్ని వదిలేశారన్నమాట.

చదువులోనూ ఇదే ప్రమాదం. లాగ్‌బుక్‌లో ఇంజెక్షన్ల సంఖ్య నిండితే చేయి తిరిగిందని కాదు. 1989లో రూత్ కాన్ఫర్, ఫిలిప్ అకర్‌మన్ విమాన రాకపోకల నియంత్రణను పోలిన ఒక పనిని నేర్చుకునేవాళ్లను పరిశీలించారు. కష్టమైన పనిని కొత్తగా నేర్చుకునేటప్పుడు మొదట్లోనే ఫలితం మీద లక్ష్యం పెడితే ధ్యాస చెదిరి పని దెబ్బతిందని తేలింది. అందుకని మొదటి ఏడాది అమ్మాయికి ‘ఒకే గుచ్చుతో ఐవీ పడాలి’ అని పెట్టకూడదు. ‘ఈ వారంలో సెలైన్ చుక్కల లెక్క ఎవరినీ అడగకుండా కట్టగలగాలి’ అని పెట్టాలి. ఉదాహరణకు, 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలి, సెట్టు మిల్లీలీటరుకు 20 చుక్కలది. పదివేల చుక్కల్ని 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42. వాచీ పట్టుకుని పావు నిమిషంలో పది, పదకొండు చుక్కలు పడుతున్నాయో లేదో చూస్తే చాలు. చేయి కుదిరాక గుచ్చు లెక్క పెట్టుకోవచ్చు.

క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్లకు ఒక విన్నపం. అంకె, గడువు, ఎవరు చూడాలో లేని లక్ష్యం మీద సంతకం పెట్టకండి. అన్నీ ఉన్నవాటి మీద కూడా, ఆ రోగి మంచం దగ్గరికి ఒకసారి వెళ్లి వచ్చాకే పెట్టండి.