ఆకు నుంచి పుల్లకు: సైకిలు చక్రంలో అరుదైన అల్లికలు

వ్యాససంగ్రహం:
బండిచక్రంలోని ఆకు నొక్కుడును భరిస్తుంది. సైకిలు చక్రంలోని పుల్ల బిగువుతో పనిచేస్తుంది. ఈ భేదం వల్లనే సైకిలు పుల్లలను పలురీతుల్లో అల్లడం సాధ్యమైంది. వాడుకలో తక్కువగా కనిపించే సూటి, కాకికాలు, పురి అల్లికల నిర్మాణాన్ని తెలుగు మాటల్లో వివరించి, తల్లాడ వంటి అడవి అంచు గ్రామాల్లో తిరిగే సాధారణ సైకిలుకు అవి ఏ మేరకు పనికివస్తాయో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సైకిలు, చక్రం, ఆకు, పుల్ల, అల్లిక, దాటు, పురి, వృత్తిపదాలు, తల్లాడ.

1. ప్రవేశిక

ఖమ్మం నుంచి వైరా మీదుగా వచ్చే దారి తల్లాడ దగ్గర చీలుతుంది. ఒకటి కల్లూరు, సత్తుపల్లి వైపు పోతుంది; మరొకటి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం చేరుతుంది. ఈ రెండో దారిలో పోయేకొద్దీ అడవి దగ్గరవుతుంది. మోటారు బండ్లు ఎంత పెరిగినా ఈ ఊళ్లలో గడ్డిమోపుకు, పాలక్యానుకు, బడికి సైకిలు ఇంకా అక్కరకు వస్తూనే ఉంది. సైకిలు ఉన్నచోట దాని చక్రానికి బెండు తీసే షాపూ ఉంటుంది. రిమ్ము, హబ్బు, నిపిల్, పంచరు, బెండు అన్న ఇంగ్లీషు మాటల నడుమ అక్కడ వినిపించే అచ్చతెలుగు మాట 'పుల్ల'.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం 1962లో వ్యవసాయ పదాలతో మొదలైంది. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. తరవాతి కృషి కూడా ప్రధానంగా పరంపరాగత వృత్తులవైపే నడిచింది. సైకిలు మరమ్మతు ఏ కులానికీ వృత్తి కాదు. యంత్రంతోపాటు ఊళ్లోకి వచ్చిన పని. అందువల్లనే కాబోలు, దాని పదజాలం మీద మన పరిశోధకుల చూపు అంతగా పడలేదు. పుల్లలు అల్లే పద్ధతులకు తెలుగులో పేర్లు లేకపోతే వాటి మంచిచెడ్డలను తరగతిలో బోధించడమూ, షాపులోని అనుభవాన్ని నమోదు చేయడమూ కష్టం. కాబట్టి అవసరమైనచోట కొన్ని పేర్లను ఇక్కడ ప్రతిపాదిస్తున్నాను.

2. ఆకు, పుల్ల, నులక

బండిచక్రంలో నడిమి దిమ్మె నుంచి అంచుకు పోయే కొయ్యను 'ఆకు' అంటాం. సంస్కృతంలో అది అరం. బండి మీద బరువు పడ్డప్పుడు ఇరుసు కింద ఉన్న ఆకు స్తంభంలా నిలబడి ఆ బరువును నేలకు దింపుతుంది. స్తంభానికి కావలసింది మందం, నిలకడ. కాబట్టి ఆకులు కేంద్రం నుంచి సూటిగా అంచుకే పోతాయి, ఒకదానినొకటి దాటవు. నాగార్జునకొండ మహాచైత్యం పునాదిలోనూ ఈ పోలికే ఉంది: నడిమి నుంచి అంచుకు సాగే ఇటుక గోడలు ఆకుల్లా నిలిచి కట్టడాన్ని మోస్తాయి. జాతీయ పతాకంలోని ధర్మచక్రానికి ఉన్న 24 ఆకులూ అలా సూటిగా ఉన్నవే.

సైకిలు పుల్ల దాదాపు 2 మిల్లీమీటర్ల ఉక్కు తీగ. దాన్ని నిలబెట్టి పైనుంచి నొక్కితే వంగిపోతుంది. లాగితే మాత్రం చాలా బలాన్ని తట్టుకుంటుంది. నిపిల్ తిప్పి ప్రతి పుల్లనూ ముందే గట్టిగా బిగిస్తారు కాబట్టి బరువు పడ్డప్పుడు నేలవైపున్న పుల్లల బిగువు కొంత తగ్గుతుంది; తక్కిన వాటిలో మార్పు స్వల్పం. జోబ్‌స్ట్ బ్రాండ్ట్ 1981లో ప్రచురించిన సైకిలు చక్రం పుస్తకం ఈ సంగతిని విపులంగా చర్చించింది. దీన్నిబట్టి చూస్తే సైకిలు చక్రానికి దగ్గరి చుట్టం బండిచక్రం కాదు, నులకమంచం. నులక బిగువుగా ఉన్నంతవరకే మంచం మనిషిని మోస్తుంది, వదులైతే కుంగుతుంది. పట్టెలు రిమ్మువంటివి, నులక పుల్లలవంటిది. బిగువును నమ్ముకున్న కట్టుకు అల్లికలో స్వేచ్ఛ ఉంటుంది. నులకను పలురకాలుగా అల్లగలిగినట్టే పుల్లలనూ అల్లవచ్చు.

ఈ ఆలోచన మనదేశానికి రాకముందే ఐరోపాలో చాలా దూరం నడిచింది. బిగువుతో పనిచేసే చక్రాన్ని జార్జ్ కేలీ 1808లోనే ఊహించాడు. 1869లో పారిస్‌లో యూజీన్ మేయర్ తీగపుల్లల చక్రానికి పేటెంటు పొందాడు. పుల్లలు ఒకదానినొకటి దాటుతూ పోయే అల్లికకు 1874లో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. నేడు మన వీధిలో తిరిగే సైకిళ్లన్నిటిలోనూ దాదాపుగా ఉన్నది ఆ అల్లికే.

3. దాటు: లెక్క

హబ్బుకు రెండు కొసలా చిల్లులున్న బిళ్లలుంటాయి. ఒక బిళ్ల నుంచి బయలుదేరిన పుల్ల, రిమ్మును చేరేలోపు అదే బిళ్లకు చెందిన ఎన్ని ఎదురు పుల్లలను దాటుతుందో అన్ని 'దాట్లు'. 720ని చక్రంలోని మొత్తం పుల్లల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని దాట్ల సంఖ్యతో హెచ్చిస్తే, హబ్బు చిల్లుకూ రిమ్ము చిల్లుకూ మధ్య కేంద్రం దగ్గర ఏర్పడే కోణం వస్తుంది. 36 పుల్లలకు మూడు దాట్లయితే 60 డిగ్రీలు. 32 పుల్లలకు మూడు దాట్లయితే 67.5, 40 పుల్లలకు నాలుగైతే 72. కోణం 90కి చేరువైనకొద్దీ పుల్ల బిళ్లను ఒరుసుకుంటూ పోయినట్టు బయలుదేరుతుంది. తొక్కుడు బలాన్ని హబ్బు నుంచి రిమ్ముకు అందించడానికి అదే అనువైన దిశ.

మన పాత తరహా పెద్ద సైకిళ్లలో బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం ముందు చక్రానికి 32, వెనక చక్రానికి 40 పుల్లలుంటాయి. బరువూ తొక్కుడూ వెనకే ఎక్కువ కాబట్టి ఈ ఎక్కువతక్కువలు. ఈ అంకెలను గుర్తుంచుకోవాలి. అరుదైన అల్లికల సాధ్యాసాధ్యాలు చాలావరకు వీటిమీదే ఆధారపడ్డాయి.

మరొక సంగతి. మేదరి బుట్టలో ప్రతి బద్దా ఒకసారి మీదుగా, ఒకసారి కిందుగా పోతుంది. సైకిలు పుల్ల అలా పోదు. మూడు దాట్ల అల్లికలో మొదటి రెండు దాట్లలో ఒకవైపే ఉండి, చివరి దాటు దగ్గర మాత్రం ఎదురు పుల్లకు రెండోవైపు దూరుతుంది. 'అల్లిక' అన్న మాట ఇక్కడ పూర్తిగా నప్పడానికి కారణం ఆ ఒక్క దూర్పే.

4. అరుదైన అల్లికలు

సూటి అల్లికలో దాట్లు ఉండవు. చూపుకు బండిచక్రంలా ఉంటుంది, పనిమాత్రం బిగువుదే. పుల్లలు పొట్టివి, బరువు కొద్దిగా తగ్గుతుంది. అయితే హబ్బు తిరగబోయినప్పుడు సూటి పుల్ల ఆ బలాన్ని వెంటనే రిమ్ముకు అందించలేదు. హబ్బు కొంత మెలి తిరిగిన తరవాత గాని అందదు. కాబట్టి గొలుసుండే వెనక చక్రానికి రెండు పక్కలా ఇది తగదు. బ్రేకు రిమ్మునే పట్టే ముందు చక్రానికి తగవచ్చు. అక్కడా ఒక చిక్కుంది: పుల్లలన్నీ బిళ్ల అంచును బయటికే లాగుతాయి. అందుకు తగినట్టు చేయని బిళ్ల చిల్లు దగ్గర పగులుతుంది. ఒక పక్క సూటిగా, మరోపక్క దాట్లతో అల్లడమూ, ఒక పక్క పుల్లలను రెండింతలు చేయడమూ గేర్ల సైకిళ్లలో రెండు పక్కల బిగువులో వచ్చే తేడాకు జవాబులు. గేర్లు లేని సైకిలుకు వాటితో పనిలేదు.

కాకికాలు అల్లికలో పుల్లలు మూడేసి గుంపులుగా ఉంటాయి. నడిమిది సూటిగా పోతే, ఇరుపక్కలవి ఏటవాలుగా పోతూ దాటుకుంటాయి. ఇంగ్లీషులోనూ దీనికి కాకి పాదమన్న పేరే ఉంది. ఒక్కో బిళ్లలోని చిల్లుల సంఖ్య మూడుతో భాగింపబడితేనే ఈ అల్లిక కుదురుతుంది. 36 పుల్లల చక్రంలో బిళ్లకు 18, అంటే ఆరు గుంపులు. ధర్మచక్రంలోని 24 అంకెకూ కుదురుతుంది. కాని 32కు బిళ్లకు 16, 40కి 20. ఏదీ మూడుతో పోదు. అంటే మన పెద్ద సైకిలుకు రెండు చక్రాల్లోనూ కాకికాలు వేయడం లెక్కలోనే అసాధ్యం.

పురి అల్లికలో రెండు పుల్లలు దాటుకునే చోట వాటిని తాడు పేనినట్టు ఒకదానిచుట్టూ ఒకటి తిప్పుతారు. ఇంగ్లీషులో దీన్ని మంచురేకుతో పోలుస్తారు. తెలుగులో 'పురి' అంటే ఆకారంతోపాటు పని కూడా తెలుస్తుంది. నలుగురినీ నిలబెట్టి చూపించేంత అందం దీనిది, కాదనలేం. పురి ఉన్నంతమాత్రాన చక్రం గట్టిపడదు. పుల్ల తన దారిలో వంపు తిరుగుతుంది కాబట్టి బిగించేటప్పుడు కొంత బిగువు ఆ వంపు సర్దుకోవడానికే పోతుంది. బెండు తీయబోతే ఒక నిపిల్‌ను తిప్పిన ప్రభావం జతపుల్ల మీదా పడుతుంది. పొడవును మామూలు సూత్రంతో కట్టలేం, వేసి చూసుకోవలసిందే.

వీటికంటే నాకు ఆసక్తికరంగా తోచేది, అవసరం పుట్టించే అల్లిక. 40 చిల్లుల హబ్బు బాగుండి రిమ్ము పాడైనప్పుడు, దొరికినది 32 చిల్లుల రిమ్మే అయితే, ఒక్కో బిళ్లలో ప్రతి అయిదో చిల్లునూ ఖాళీగా వదిలి అల్లవచ్చు. కోణాలు సమంగా రావు. పుల్లల పొడవుల్లో తేడాలుంటాయి. నాలుగైదు రకాల పుల్లలు కలిపి వాడాలి. మూడు దాట్ల అల్లికను వేళ్లతో తెలిసినవాడే దాన్ని ఇలా తప్పించి కట్టగలడు. పురి అల్లికను ఫొటోలు తీసి దాచుకునే లోకం ఈ నేర్పును 'సర్దుబాటు' అని ఒక్క మాటతో దాటవేస్తుంది.

5. పుల్ల విరిగినప్పుడు

పెద్ద సైకిలు చక్రం చుట్టుకొలత దాదాపు 2.2 మీటర్లు. పది కిలోమీటర్లు పోతే ప్రతి పుల్లా సుమారు 4,500 సార్లు వదులై మళ్లీ బిగుస్తుంది. తీగను ఒకేచోట అటూ ఇటూ వంచితే తెగినట్టు, ఈ మార్పుకు పుల్ల ఎక్కువగా హబ్బు దగ్గరి వంపులో విరుగుతుంది. బిగువు చాలని చక్రంలో ఈ ముప్పు ఎక్కువ. మోపు వేసుకుని గతుకుల దారిలో పోయే సైకిలుకు ఏ అల్లిక తగునన్న ప్రశ్నను ఇక్కడినుంచి అడగాలి: ఒక పుల్ల పోతే ఏమవుతుంది?

నాలుగు దాట్లతో 40 పుల్లలున్న వెనక చక్రంలో ఒకటి విరిగితే రిమ్ము కొద్దిగా ఊగుతుంది. ఇరుగుపొరుగు పుల్లలు సర్దుకుంటాయి. మెల్లగా షాపు చేరవచ్చు. పురి అల్లికలో ఒకటి విరిగితే, దానిమీద ఆనుకున్న జతపుల్లకు పట్టు తప్పి అదీ వదులవుతుంది. ఒక్కచోటే రెండు పుల్లలు పోయినట్టు. కాకికాలులో సూటిపుల్లదొక పొడవు, ఏటవాలు పుల్లదొక పొడవు. చిన్న షాపులో రెండూ ఉండాలి. మామూలు అల్లికకు ఒక చక్రానికి ఒక్క పొడవు చాలు.

దుకాణంలో పుల్ల ఉన్నా ఒక అడ్డంకి మిగులుతుంది. వెనక చక్రంలో ఫ్రీవీలు మరతో హబ్బుకు ఎక్కి ఉంటుంది. విరిగినది అటువైపు పుల్ల అయితే, దాని చిల్లు ఫ్రీవీలు చాటున ఉంటుంది. ముందు చక్రం విప్పాలి, ఆపైన ఫ్రీవీలు ఊడదీయాలి. తొక్కి తొక్కి బిగిసిపోయిన ఫ్రీవీలు అంత సులువుగా రాదు. అప్పుడుగాని కొత్త పుల్ల చిల్లులో దూరదు. దూరిన తరవాత మూడు ఎదురు పుల్లలను ఒకవైపుగా దాటించి, నాలుగోదాని దగ్గర మాత్రం వైపు మార్చి రిమ్ముకు చేర్చాలి.