ఫ్లోరైడుకు అమ్మవారు లేదెందుకు?

మా నల్గొండ జిల్లా మర్రిగూడ చుట్టుపక్కల ఊళ్లల్లో అమ్మవార్ల గుళ్లు ఎక్కడ పడితే అక్కడ ఉండవు బిడ్డా. పోచమ్మ వేపచెట్టు నీడన, మైసమ్మ చెరువుకట్ట మీద. భయం ఎక్కడుంటే అమ్మ అక్కడ. ఇది మన ఒక్కరి సంగతే కాదు, లోకంలో చాలాచోట్ల ఇంతే.

ముందు మశూచి అమ్మ పోచమ్మ సంగతి చూద్దాం. ఇప్పటి పిల్లలకు మశూచి పేరే తెలియదు, అదృష్టవంతులు. అది వేరియోలా అనే వైరసు. ఒంట్లో దూరినాక పది పన్నెండు రోజులు చడీచప్పుడు ఉండదు. తర్వాత మంచం పట్టించే జ్వరం, నడుంనొప్పి, ఆ వెనకాలే మొఖం మీద, చేతుల మీద పొక్కులు. వేలితో తాకితే గట్టిగా తగిలేవి. ఒకచోట లేచినవన్నీ ఒకే ఈడువి, చీము పట్టినా మాడినా అన్నీ ఒక్కసారే. ఆటలమ్మ అట్లా కాదు. అది ఛాతీ మీద, వీపు మీద ఎక్కువ. ఒక పొక్కు మాడుతుంటే పక్కన ఇంకొకటి పుడుతుంది. మశూచి సోకిన పదిమందిలో ముగ్గురు దాకా పోయేవాళ్లు. బతికినోళ్లకు మొఖం నిండా గుంటలు, కొందరికి కంటిచూపే పోయేది.

ఇంట్లో అమ్మ పోసిందంటే గడపకు వేపమండలు కట్టేవాళ్లు. పోపు వెయ్యరు, చుట్టాలను రానియ్యరు, పడుకున్నవాళ్లకు చల్లటి తిండి పెడతారు. వాకిట్లో మండ చూసిన బయటి మనిషి అక్కడే ఆగిపోయేవాడు. పనిచేసింది ఆ ఆగడమే. వేపాకు వైరసును చంపిందని మాత్రం నేననను. రోగాన్ని పోగొట్టింది టీకా. 1796లో ఇంగ్లండులో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుల పొక్కుల రసంతో మొదలుపెట్టాడు, 1802లో బొంబాయిలో ఒక మూడేండ్ల పాపకు వేశారు. మన దేశంలో చివరి కేసు 1975లో, ప్రకృతిలో వచ్చిన ఆఖరుది 1977లో సోమాలియాలో. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రోగం పీడ వదిలిందని చాటింది. పోచమ్మకు బోనాలు మాత్రం ఆగలేదు, ఆగాలని నేనూ అనుకోను. ఆటలమ్మ వస్తే బోనం మొక్కుకోండి, కాదనను. జ్వరం తగ్గాలని పిల్లలకు ఆస్పిరిన్ మాత్రం వెయ్యకండి. కాలేయం, మెదడు దెబ్బతినే ప్రమాదముంది.

లోకంలో వేరేచోట్లా ఇంతేనన్నాను కదా. ఈజిప్టు వాళ్లకు సెఖ్మెత్ అని సింహం తల అమ్మవారు. రోగం పంపేదీ ఆమే, తీసేదీ ఆమే. ఆమె పూజారుల్లో వైద్యం తెలిసినవాళ్లుండేవారు. ఒకసారి కోపమొచ్చి మనుషుల్ని చంపుకుంటూ పోతుంటే, సూర్యదేవుడు బీరుకు ఎర్రరంగు కలిపించి నేలంతా పారబోయించాడట. రక్తమనుకొని తాగి, మత్తెక్కి చల్లబడింది. మనం మైసమ్మకు కల్లు సాక పొయ్యడం లేదూ? ఒకరి మొఖం ఒకరు చూడనివాళ్లకు ఒకే ఉపాయం తట్టింది! హవాయి దీవుల్లో పెలె అగ్నిపర్వతాల తల్లి, ఆమె ఇల్లు కిలౌయా. లావా గాలికి సాగి సన్నటి గాజు దారాలైతే, భూగర్భ శాస్త్రవేత్తలు కూడా వాటిని పెలె వెంట్రుకలనే అంటారు. గ్రీకుల డిమీటర్ పంటల తల్లి. కూతురు పాతాళంలో ఉన్నన్నాళ్లూ ఆమె దిగులుకు నేల పండదు.

మన మైసమ్మ చెరువు దగ్గరికొద్దాం. మట్టికట్టకు పైనుంచి పొర్లే నీళ్లతోనే గండి పడాలని లేదు. ఎలుక బొక్కో, ఎండ్రకాయ బొక్కో, పుచ్చిపోయిన చెట్టు వేరు వదిలిన సందో చాలు. కట్ట వెనక సన్నగా ఊట కనపడితే నీటి రంగు చూడాలి. తేటగా వస్తే కొంత నయం. మట్టి కలిసి వస్తోందంటే కట్టను లోపల్నుంచి మోసుకొస్తోందన్నమాట. బొక్క పెరిగితే నీళ్ల జోరు పెరుగుతుంది, జోరు పెరిగితే ఇంకింత మట్టి కోసుకుపోతుంది, గంటల్లో గండి. చెరువు నీళ్లు చూసుకునే నీరటివాళ్లు ఇది కండ్లతో చూసి నేర్చుకున్నారు. కట్ట మీద అమ్మను నిలిపితే బోనాలనాడు ఊరంతా కట్ట మీదే నడుస్తుంది, పొదలు కొడతారు, బొక్కలు కంటపడతాయి. ఇందుకే నిలిపారని రుజువు చూపించలేను గానీ, జరిగే మేలు మాత్రం ఇదే.

మా మనుమరాలు తొమ్మిదో తరగతి. ‘తాతా, మన దగ్గర ఇంతమందిని వంకర చేసిన ఫ్లోరైడుకు ఏ అమ్మా లేదేంది?’ అనడిగింది. చానాసేపు ఆలోచించిన. మశూచి పక్షం రోజుల్లో తేల్చేస్తుంది, గండి ఒక్క రాత్రిలో ముంచేస్తుంది. ఫ్లోరైడుకు రుచి లేదు, వాసన లేదు, రంగు లేదు. మన కింద ఉన్నది గ్రానైటు రాయి. దాని ఖనిజాల్లోంచి ఫ్లోరైడు మెల్లమెల్లగా భూగర్భ జలంలో కలుస్తుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం. ఎనిమిదేండ్ల లోపు పిల్లల పళ్లు చిగుళ్ల లోపల తయారవుతుండగానే పింగాణీ పొర చెడుతుంది, గోధుమరంగు గార జన్మకు పోదు. ఎముకలోనూ చేరుతుంది. చేరిన ఎముక ఎండిన కందికట్టె తీరు: గట్టిగానే ఉంటుంది, వంగదు, విరుగుతుంది. కీళ్లను పట్టి ఉంచే కట్లు సున్నం పట్టి బిగుసుకుంటాయి. ఇదంతా జరిగేసరికి ఏండ్లు గడుస్తాయి. ఏనాడు తాగిన నీళ్లు ఏనాటి నడుము వంచాయో ఎవరు కలిపి చూస్తారు? మొక్కుకోవడానికి ఒక రోజంటూ ఉండాలి కదా, దీనికి ఆ రోజే లేదు. నెల్లూరు జిల్లాలో దీన్ని డాక్టర్లు 1937లోనే గుర్తించి రాశారు, నల్గొండ పేరు 1945 నాటికి బయటికొచ్చింది. నీళ్లు రావడానికి మాత్రం తరాలు పట్టింది.

అందుకే మనవాళ్లే ఒక తంతు పెట్టుకోవాల్సి వచ్చింది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి 480 మంది నిలబడ్డారు. చాలామంది గెలవడానికి కాదు, నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని. బ్యాలెట్ పేపరు పుస్తకమంత అయ్యి పోలింగే వాయిదా పడింది. ఎనభై ఏండ్ల ముసలి నడుము చెప్పలేనిది ఆ కాగితం చెప్పింది.

2015లో చౌటుప్పల్‌లో తాగునీటి పథకం మిషన్ భగీరథ పైలాన్ లేచింది, తర్వాత కృష్ణ నీళ్లు నల్లాల్లో వచ్చాయి. పైపు పగిలిన రోజు మళ్లీ బోరు దగ్గరికే బిందె పోతుంది. మరిగించి తాగుతాం లెమ్మంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి, నీరు కొంత ఆవిరవుతుంది. ఫ్లోరైడు మాత్రం గిన్నెలోనే ఉండి ఇంకింత చిక్కబడుతుంది.