పాత్రధారణ ఆట: నిర్వాహకుడికీ, ఆటగాళ్లకూ సమానంగా సంతోషం



ఆట అనగానే మనకు గెలుపు ఓటములు గుర్తుకు వస్తాయి. చదరంగంలో ఒకరు గెలిస్తే ఇంకొకరు ఓడిపోతారు. క్యారమ్స్‌లోనూ అంతే. గెలుపు ఓటములతో పని లేని ఆటలు కూడా కొన్ని ఉన్నాయి. అటువంటి వాటిలో ముఖ్యమైనది పాత్రధారణ ఆట. దీనినే రోల్‌ప్లేయింగ్ గేమ్ అంటారు. ఈ ఆటలో ఒకరు నిర్వాహకులు, మిగిలినవారు ఆటగాళ్లు. ఒకరి పని వేరు, మరొకరి పని వేరు. శ్రమలోనూ తేడా ఉంది. అయినా ఆట ముగిసేసరికి అందరికీ సంతోషం కలగాలి. ఇది ఎలా సాధ్యమవుతుందో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఆట స్వరూపం

ఈ ఆటకు కావలసిన సామగ్రి చాలా తక్కువ. కొన్ని కాగితాలు, పెన్సిళ్లు, పాచికలు ఉంటే చాలు. ప్రతి ఆటగాడు ఒక పాత్రను ఎంచుకుని, ఆ పాత్ర బలాలనూ బలహీనతలనూ కాగితం మీద రాసుకుంటాడు. నిర్వాహకుడు, అంటే గేమ్ మాస్టర్, ఒక పరిస్థితిని వర్ణించి "ఇప్పుడు మీరేం చేస్తారు?" అని అడుగుతాడు. ఆటగాళ్లు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. ఫలితం ఎటు తేలుతుందో తెలియని చోట పాచిక వేస్తారు. పాచిక చెప్పినదాన్ని బట్టి నిర్వాహకుడు తరువాతి పరిస్థితిని వర్ణిస్తాడు. ఇలా కథ ముందుకు సాగుతుంది.

ఆటగాడి చేతిలో ఉండేది ఒక్క పాత్ర. నిర్వాహకుడి చేతిలో ఉండేది మిగిలిన ప్రపంచమంతా. ఊరు, వాన, దొంగ, పోలీసు, దారినపోయే దానయ్య, అందరి తరఫునా అతనే మాట్లాడాలి. అధికారమూ అతనిదే, బరువూ అతనిదే. సమతూకం సమస్య ఇక్కడే మొదలవుతుంది.

ఈ సమస్య ఎంత పాతది?

1824లో ప్రష్యా సైన్యంలో రైస్‌విట్జ్ అనే అధికారి ఒక యుద్ధక్రీడకు నియమాలు రూపొందించాడు. దాని పేరు క్రీగ్స్‌స్పీల్. రెండు పక్షాలు పటం మీద సైన్యాలను నడిపిస్తే, మధ్యవర్తి పాచికలు వేసి, పట్టికలు చూసి, ఎవరికి ఎంత నష్టమో తేల్చేవాడు. లెక్కలు ఎక్కువ కావడంతో ఆట నెమ్మదిగా సాగేది, మధ్యవర్తికి విసుగు పుట్టేది. 1876లో వెర్డీ దు వెర్నువా అనే మరో అధికారి నియమాలను చాలావరకు పక్కన పెట్టి, మధ్యవర్తి అనుభవాన్నే ప్రమాణంగా తీసుకోవాలని సూచించాడు. దాంతో ఆటకు వేగం వచ్చింది. అయితే మధ్యవర్తి మాటే చట్టమైనప్పుడు అతని మీద నమ్మకం లేకపోతే ఆట నిలవదు. నియమాలు పెరిగితే నిర్వాహకుడికి భారం, తగ్గితే ఆటగాళ్లకు అనుమానం. ఈ చిక్కు నేటికీ ఉంది.

1969లో అమెరికాలోని మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో ఒక విచిత్రం జరిగింది. డేవిడ్ వెస్లీ అనే యువకుడు నెపోలియన్ కాలపు యుద్ధక్రీడ ఒకటి సిద్ధం చేశాడు. బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్టణంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాత్ర ఇచ్చాడు. యుద్ధం మొదలయ్యేలోపే ఆటగాళ్లు తమ తమ పాత్రల పనుల్లో పడిపోయి, ఎవరికి వారే మంతనాలు సాగించారు. అనుకున్న ఆట సాగలేదని, ప్రయోగం విఫలమైందని వెస్లీ భావించాడు. ఆటగాళ్లు మాత్రం మళ్లీ ఎప్పుడు ఆడదామని అడిగారు! ఆ బృందంలోని డేవ్ ఆర్నెసన్ ఆ పద్ధతిని మరింత పెంచాడు. ఆయన గ్యారీ గైగాక్స్‌తో కలిసి రూపొందించిన "డంజన్స్ అండ్ డ్రాగన్స్" 1974లో అచ్చయింది. పాత్రధారణ ఆటలకు అదే ఆది గ్రంథం.

ఇందులో మనం గమనించవలసిన విషయం ఒకటుంది. నిర్వాహకుడు చెడిపోయిందనుకున్న ఆట ఆటగాళ్లకు ఎంతో నచ్చింది. అంటే ఇరుపక్షాల సంతోషానికి మూలాలు ఒకటి కావు.

రెండు రకాల సంతోషం

ఆటగాడికి సంతోషం ఎక్కడిది? తన నిర్ణయం వల్ల కథలో ఏదో ఒకటి మారాలి. తన వంతు తనకు రావాలి. ఈ రెండూ లేకపోతే అతడు ప్రేక్షకుడిగా మిగిలిపోతాడు.

నిర్వాహకుడికి సంతోషం ఎక్కడిది? తాను కట్టిన ప్రపంచం నలుగురికీ ఉపయోగపడాలి. తాను ఊహించనిది ఏదో జరగాలి. ముగింపు ముందే తెలిసిపోతే అతనికి మిగిలేది శ్రమ మాత్రమే.

శ్రమను ఒక చిన్న లెక్కతో చూద్దాం. నలుగురు ఆటగాళ్లు, ఒక నిర్వాహకుడు 3 గంటలు ఆడారనుకుందాం. ముందుగా సిద్ధం కావడానికి నిర్వాహకుడికి మరో 4 గంటలు పట్టిందనుకుందాం. ఆటగాళ్లు ఒక్కొక్కరు 3 గంటలు వెచ్చిస్తే, అతడు 7 గంటలు వెచ్చించాడు. ఇప్పుడు మరో వైపు చూడండి. 3 గంటలు అంటే 180 నిమిషాలు. అందులో సగం సేపు నిర్వాహకుడే మాట్లాడితే మిగిలేది 90 నిమిషాలు. నలుగురికి పంచితే తలకు 23 నిమిషాలు కూడా పూర్తిగా రావు. నిర్వాహకుడికి శ్రమ ఎక్కువ, ఆటగాడికి అవకాశం తక్కువ. ఇద్దరి ఫిర్యాదులోనూ న్యాయం ఉంది.

కరోల్ బాగ్‌లో ఒక ఆట

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. పోటీ పరీక్షల కోసం ఢిల్లీ వెళ్లే తెలుగు విద్యార్థులు చాలామంది కరోల్ బాగ్‌లోనూ, దాని పక్కనే ఉన్న పాత రాజేంద్రనగర్‌లోనూ గదులు అద్దెకు తీసుకుంటారు. అటువంటి ఒక గదిలో ఐదుగురు స్నేహితులు ఆదివారం సాయంత్రం ఈ ఆట ఆడుతున్నారని ఊహించుకోండి. కథను తామున్న పేటలోనే పెట్టుకున్నారు. కాలం 1921 ఫిబ్రవరి.

ఆ నెల 13వ తేదీన కరోల్ బాగ్‌లో హకీం అజ్మల్ ఖాన్ స్థాపించిన టిబ్బియా కళాశాలను మహాత్మా గాంధీ ప్రారంభించారు. ఇది చరిత్ర. నేటి అజ్మల్ ఖాన్ రోడ్డు ఆయన పేరు మీద ఉన్నదే. ఇక కల్పన: ప్రారంభానికి ముందు రాత్రి అరుదైన మూలికల పెట్టె ఒకటి మాయమైంది. ఆటగాళ్ల పాత్రలు ఒక వైద్య విద్యార్థి, ఒక టాంగావాలా, ఒక విలేఖరి, ఒక కాపలాదారు. తెల్లవారేలోగా పెట్టె దొరకాలి.

నిర్వాహకుడు చాందినీ చౌక్ గల్లీలన్నీ పటం గీసి సిద్ధంగా ఉన్నాడు. ఆటగాళ్లేమో "దొంగ రైలెక్కి పారిపోతాడు, సరాయ్ రోహిల్లా స్టేషనుకు పోదాం" అన్నారు. అతని ముందు మూడు దారులున్నాయి.

మొదటిది, అడ్డుకోవడం. "స్టేషను దారి మూసేశారు" అనవచ్చు. అతని పటం దక్కుతుంది. రెండుసార్లు ఇలా జరిగితే తాము ఏం చెప్పినా ఒకటేనని ఆటగాళ్లకు అర్థమవుతుంది. మూడోసారి వారు చెప్పడమే మానేస్తారు.

రెండవది, లొంగిపోవడం. "సరే, పెట్టె స్టేషనులోనే ఉంది" అనవచ్చు. ఆటగాళ్లకు ఆ పూటకు సంతోషం. కాని తేలికగా వచ్చిన గెలుపుకు రుచి ఉండదు. నిర్వాహకుడికి తన 4 గంటలు వృథా అయ్యాయన్న బాధ మిగులుతుంది.

మూడవది, ఆలోచించడం. దొంగ ఎవరు? అతనికి పెట్టె ఎందుకు? అమ్ముకోవాలంటే కొనేవాడు కావాలి. కొనేవాడు చాందినీ చౌక్ వ్యాపారి. ఈ రాత్రి అతడు స్టేషనుకు ఎందుకు రాకూడదు? స్టేషనులో ఆటగాళ్లకు దొంగ దొరకడు, అయితే వ్యాపారి గుమాస్తా ఎదురవుతాడు. అతని వెంట వెళ్లాలో, అక్కడే కాపు కాయాలో వారే తేల్చుకోవాలి. ఆటగాళ్ల నిర్ణయానికి ఫలితం దక్కింది. నిర్వాహకుడు తయారుచేసిన మనుషులు పనికొచ్చారు. పైగా తరువాత ఏం జరుగుతుందో ఇప్పుడు అతనికీ తెలియదు.

ఈ మూడో దారి ఎందుకు సాధ్యమైంది? అతడు జరగబోయే సంఘటనల కంటే మనుషుల ఉద్దేశాలను బాగా సిద్ధం చేసుకున్నాడు. సంఘటనలు దారి తప్పితే పనికిరావు. ఉద్దేశాలు ఏ దారిలోనైనా పనికొస్తాయి.

మన అవధానం చెప్పే పాఠం

తెలుగువారికి ఈ సమతూకం కొత్త విషయం కాదు. అష్టావధానాన్ని గమనించండి. ఎనిమిదిమంది పృచ్ఛకులు అడుగుతుంటే అవధాని అప్పటికప్పుడు జవాబు చెబుతాడు. సమస్య, దత్తపది, వర్ణన వంటి అంశాల్లో ఒక పద్యాన్ని ఒకేసారి పూర్తి చేయడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతూ, ఆవృత్తి తరువాత ఆవృత్తిగా అందరి దగ్గరకూ తిరిగి వస్తాడు. ఏ పృచ్ఛకుడూ చాలాసేపు ఖాళీగా ఉండడు. ఆట నిర్వాహకుడు నేర్చుకోవలసిన మొదటి పాఠం ఇదే.

రెండవ పాఠం ఆటగాళ్లకు. అప్రస్తుత ప్రసంగి పని అవధాని ఏకాగ్రతను చెదరగొట్టడం. అతని చమత్కారానికి సభ నవ్వుతుంది. హద్దు మీరితే అదే సభ విసుక్కుంటుంది. మంచి పృచ్ఛకుడు కఠినమైన సమస్యే ఇస్తాడు, కాని అవధాని ఓడిపోవాలని కాదు, పూరణ విని ఆనందించాలని. నిర్వాహకుణ్ణి ఇరుకున పెట్టడమే తెలివి అనుకునే ఆటగాడు ఈ తేడాను గుర్తించాలి.

పాటించదగిన పద్ధతులు

1. ముందుగా మాట్లాడుకోవాలి. ఎటువంటి కథ కావాలి, ఎంతసేపు ఆడాలి, ఏ విషయాలు కథలోకి రాకూడదు అన్నది మొదటి రోజే తేల్చుకోవాలి. భయానక కథ కోరేవారు, హాస్యం కోరేవారు ఒకే బల్ల దగ్గర చేరితే నిర్వాహకుడు ఎంత సమర్థుడైనా ఇద్దరినీ మెప్పించలేడు.

2. శ్రమను పంచుకోవాలి. ఒకరు జరిగిన కథను రాసిపెట్టవచ్చు. ఒకరు నియమాల పుస్తకం చూసి చెప్పవచ్చు. కథలోని ఒక వీధినో, ఒక కుటుంబాన్నో వర్ణించే పని ఆటగాడికే అప్పగించవచ్చు.

3. వంతులు మార్చుకోవచ్చు. 1987లో వచ్చిన "ఆర్స్ మాజికా" ఆటలో నిర్వాహక బాధ్యతను బృందంలోని వారు మార్చి మార్చి తీసుకునే పద్ధతి ఉంది. 2010 నాటి "అపోకలిప్స్ వరల్డ్"లో నిర్వాహకుడు పాచికలే వేయడు, ఆ పని ఆటగాళ్లదే. 2009 నాటి "ఫియాస్కో"లో అసలు నిర్వాహకుడే ఉండడు. భారాన్ని తగ్గించడానికి దారులు అనేకం ఉన్నాయన్నమాట.

4. ఆట చివర ఐదు నిమిషాలు కేటాయించాలి. ఏది బాగుంది, ఎక్కడ విసుగు పుట్టింది అని నిర్వాహకుడు అడగాలి. ఆటగాళ్లు కూడా అతణ్ణి "నీకు ఎలా ఉంది?" అని అడగాలి. ఈ రెండో ప్రశ్నను చాలా బృందాలు మరచిపోతాయి.

సారాంశం

ఒక ఆటగాడు రాకపోయినా ఆ రోజు ఆట సాగుతుంది. నిర్వాహకుడు విసిగిపోతే ఆట ఆగిపోతుంది. అలాగని అతని సంతోషం కోసం మిగిలినవారు శ్రోతలుగా మారిపోతే, కొద్ది వారాల్లో కుర్చీలు ఖాళీ అవుతాయి. నిర్వాహకుడు పాలకుడూ కాదు, సేవకుడూ కాదు. అతడు కూడా ఆడటానికే కూర్చున్నాడు. సంతోషం రొట్టె ముక్కలా ఒకరికి పెరిగితే ఇంకొకరికి తరిగేది కాదు. ఆటగాడి నిర్ణయానికి నిజమైన ఫలితం ఉన్నచోట నిర్వాహకుడికి ఆశ్చర్యం దొరుకుతుంది. ఆ ఆశ్చర్యమే వచ్చే వారానికి అతణ్ణి మళ్లీ సిద్ధం చేస్తుంది.

చేసి చూడండి

1. మీ ఊరి చరిత్రలోని ఒక సంఘటనను తీసుకోండి. అందులో మూడు పాత్రలను ఊహించి, ఒక్కొక్కరికి ఏం కావాలో ఒక్కొక్క వాక్యంలో రాయండి. కథ రాయవద్దు.

2. నలుగురు స్నేహితులతో గంటసేపు ఆడండి. ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారో ఒకరు లెక్క రాయండి. ఆ లెక్కను అందరూ కలిసి చర్చించండి.

3. తరువాతి ఆటలో నిర్వాహకుణ్ణి మార్చండి. రెండు స్థానాల్లోనూ కూర్చున్నవారికి ఏ స్థానంలో ఏది నచ్చిందో అడిగి తెలుసుకోండి.