డబుల్ స్టాండు నుంచి జాకీ దాకా: ఇంట్లో బైకు లేపడంపై అపోహలు – వాస్తవాలు

చైను శుభ్రం చేయాలన్నా, బ్రేక్ షూలు మార్చాలన్నా, చక్రం విప్పాలన్నా ముందు ఆ చక్రం నేల విడవాలి. ఈ పని ఇంటి పోర్టికోలో మొదలుపెట్టేవారికి మొదట కలిగే భయం బరువు గురించే. స్ప్లెండర్ ప్లస్ సుమారు 112 కిలోలు, క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు తూగుతాయి కాబట్టి ఆ భయం సహజమే. నిజానికి లేపేటప్పుడు పడే బైకులు కొన్నే. లేపాక, పని నడుమ పడేవి ఎక్కువ ప్రమాదకరం. ఆ బరువు ఏ ఆధారాల మధ్య నిలిచి ఉంది, పని జరుగుతుండగా వాటిలో ఏది తొలగిపోతుంది అన్న రెండు ప్రశ్నలు వేసుకుంటే కింది అపోహల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

అపోహ: డబుల్ స్టాండు వేయడానికి కండబలం కావాలి

డబుల్ స్టాండు, అంటే సెంటర్ స్టాండు, తుల సూత్రం మీద పనిచేసే మీట. బైకును నిటారుగా నిలిపి, స్టాండు కొమ్మును కాలితో కిందికి నొక్కి, రెండు కాళ్లూ నేలకు ఆనాయో లేదో బైకును అటూ ఇటూ కొద్దిగా కదిపి చూసుకోవాలి. ఒక కాలే ఆనితే ఎంత బలవంతుడికైనా బైకు పక్కకు ఒరుగుతుంది. రెండూ ఆనాక ఒంటి బరువంతా ఆ కొమ్ము మీద వేస్తే చాలు. వెనక హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి దారి చూపడానికే గానీ ఎత్తడానికి కాదు. నడుం పట్టేసేది చేతులతో ఎత్తబోయినవారికే.

స్టాండెక్కేటప్పుడు బైకు పైకి లేస్తూ కొద్దిగా వెనక్కి కూడా జరుగుతుంది. అందుకే ఆ క్షణంలో ముందు బ్రేకు పట్టి ఉంచకూడదు. హ్యాండిల్ తిన్నగా, గేరు న్యూట్రల్‌లో ఉండాలి. వెనక టైరులో గాలి తగ్గితే బైకు కిందికి దిగి ఉంటుంది కాబట్టి స్టాండు వేయడం బరువవుతుంది. అప్పటికీ కష్టమనిపిస్తే వెనక చక్రాన్ని రెండు సెంటీమీటర్ల మందం ఉన్న చెక్క మీదికి ఎక్కించి ప్రయత్నించవచ్చు. ఎత్తవలసిన ఎత్తులో పెద్ద భాగం ఆ చెక్కే తీరుస్తుంది. కాలికి చెప్పులు కాదు, బూట్లు ఉండాలి.

అపోహ: నేల గట్టిగా ఉంటే చాలు

గట్టిదనంతో పాటు వాలు కూడా చూడాలి. మన ఇళ్లలో పోర్టికోను వాననీరు పోయేందుకు గేటు వైపు వాలుగా కడతారు. కంటికి ఆనని ఆ వాలు బైకుకు తెలుస్తుంది. డబుల్ స్టాండు మీదున్న బైకు ముందుకు జరిగితే స్టాండు మడుచుకుపోతుంది కాబట్టి, ముందు చక్రం పల్లం వైపు చూస్తూ ఉండటం అన్నిటికన్నా చెడ్డ అమరిక. సమతలం దొరకనప్పుడు ముందు చక్రం మెరక వైపు ఉంచాలి. నున్నటి టైల్స్ మీద నూనె చుక్క పడితే స్టాండు కాళ్లు జారతాయి; కింద పాత రబ్బరు మ్యాట్ పరవడం మంచిది.

అపోహ: ఒకసారి డబుల్ స్టాండెక్కిన బైకు ఇక కదలదు

ఇది అన్నిటికన్నా ఖరీదైన అపోహ. స్టాండు మీద బైకు నిలిచేది మూడు చోట్ల: స్టాండు రెండు కాళ్లు, ముందు చక్రం. ఇంజను బరువు స్టాండుకు ముందు వైపు ఉండటం వల్లే సాధారణంగా వెనక చక్రం గాలిలో ఉంటుంది. కాబట్టి వెనక చక్రం విప్పితే బైకు ముందుకు మరింత మొగ్గుతుందే తప్ప పడదు. ముందు చక్రం విప్పితే మాత్రం మూడో ఆధారమే పోతుంది, బైకు ముక్కు మీద బోర్లా పడుతుంది. ఇరుసు వదులు చేయకముందే ఇంజను కింద ముందు భాగాన ఆసరా పెట్టి తీరాలి. రోడ్డు పక్క పంక్చరు షాపుల్లో వెనక సీటు చివర ఒక మనిషిని కూర్చోబెట్టి ముందు చక్రం లేపడం మామూలే. అది నిమిషాల పనికి పనికొచ్చే చిట్కా. చక్రం విప్పి ఉండగా ఆ మనిషి ఫోను వచ్చిందని లేచాడంటే ఫోర్కు నేలను కొడుతుంది.

ఇరుసు నట్టు సంగతీ ఇంతే. బిగుసుకుపోయిన నట్టును పొడవాటి పానాతో ఊడదీసే బలం బైకును స్టాండు మీంచి ముందుకు తోసేయగలదు. బైకు నేల మీద ఉండగానే ఆ నట్టును ఒక పట్టు వదులు చేసి, చివరి బిగింపును కూడా కిందికి దించాకే చేయడం పద్ధతి. ముందు చక్రంతో పని లేనప్పుడు పాత ట్యూబు ముక్కతో ముందు బ్రేకు లీవరును బిగించి కట్టేస్తే బైకు ముందుకు దొర్లదు.

అపోహ: కారు జాకీ ఉంటే బైకు జాకీ ఎందుకు

కారును ఒక మూల మాత్రమే లేపడానికి తయారైన ఆ జాకీ తల చిన్నది. మిగతా చక్రాలు నేల మీదే ఉంటాయి కాబట్టి కారు అటూ ఇటూ ఊగదు. బైకుకు ఆ భరోసా లేదు. పైగా ఇంజను కింది భాగం అల్యూమినియం మిశ్రమంతో పోత పోసినది. బరువంతా ఒకే బిందువు మీద పడితే అది పగలవచ్చు, డ్రెయిన్ బోల్టు మరలు దెబ్బతినవచ్చు, సైలెన్సర్ పైపు సొట్టపోవచ్చు. కొన్ని బైకుల్లో ఫ్రేము గొట్టాలు ఇంజను కింది నుంచి ఉయ్యాలలా పట్టుకుని ఉంటాయి. ఆసరా ఆ గొట్టాలకు పెట్టాలి. మరికొన్నింటిలో ఇంజనే ఫ్రేములో ఒక భాగం, దాని కింద గొట్టాలే ఉండవు. అలాంటి వాటికి మాన్యువల్ చూపిన చోటు తప్ప మరోటి వాడకూడదు. వెడల్పు పళ్లెం, రబ్బరు పట్టీలు ఉన్న బైకు జాకీ మీద మందపాటి చెక్క వేస్తే బరువు సమంగా పంచబడుతుంది.

జాకీ లేపడానికే, నిలపడానికి కాదు. హైడ్రాలిక్ జాకీలో సీలు కారితే బైకు తెలియకుండానే దిగిపోతుంది. ఇటుకలు పేర్చడం ఇంకా ప్రమాదం, ఎందుకంటే అవి వంగి హెచ్చరించవు, ఒక్కసారిగా చిట్లుతాయి. ఫ్యాను కొక్కేనికి తాడు కట్టి ముందు భాగాన్ని వేలాడదీయడం గురించి చెప్పాలంటే, ఆ కొక్కెం ఫ్యాను కోసం పెట్టింది.

అపోహ: ప్యాడక్ స్టాండు ఎటు ముందు వేసినా ఒకటే

కేటీఎం డ్యూక్ వంటి బైకులకు డబుల్ స్టాండు రాదు. వాటిని స్వింగ్ ఆర్మ్ దగ్గర పట్టుకుని లేపేదే ప్యాడక్ స్టాండు. ముందు చక్రాన్ని లేపే స్టాండు బైకును నిటారుగా నిలపలేదు, ఆ పని వెనక స్టాండుదే. కాబట్టి వెనకది మొదట వేయాలి, చివర తీయాలి. ఫోర్కు అడుగును పట్టుకునే ముందు స్టాండుతో చక్రం విప్పవచ్చు గానీ, బైకు బరువు ఫోర్కు మీదే ఉంటుంది కాబట్టి ఫోర్కును మాత్రం విప్పలేము.

అపోహ: గేరులో వేసి ఇంజను ఆన్ చేస్తే చైను త్వరగా శుభ్రమవుతుంది

మెకానిక్ షెడ్లలో ఈ దృశ్యం కనిపిస్తుంది కాబట్టి సరైన పద్ధతే అనుకుంటారు. చైను ఒక్కో లంకె పొడవు 12.7 మి.మీ. అయితే, 14 పళ్ల చిన్న స్ప్రాకెట్ ఒక్క చుట్టుకు దాదాపు 18 సెంటీమీటర్ల చైనును లాగుతుంది. సెకనుకు ఒకటిన్నర చుట్లు తిరిగినా 26 సెంటీమీటర్లు దాటుతుంది. గుడ్డ కొస చిక్కుకున్నాక వేళ్లు స్ప్రాకెట్ చేరడానికి సెకనులో కొంత భాగం చాలు. ఇంజను ఆపి, న్యూట్రల్‌లో ఉంచి, చక్రాన్ని చేత్తో తిప్పడమే సరైనది. మూసిన గ్యారేజీలో ఇంజను నడిపితే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుందన్నది మరో కారణం.

అపోహ: చైను వదులు, ఆయిల్ మట్టం ఎలా నిలబెట్టి చూసినా ఒకటే

వెనక చక్రం వేలాడుతున్నప్పుడు, నేల మీద ఉన్నప్పుడు స్వింగ్ ఆర్మ్ కోణం మారుతుంది, దానితో చైను వదులూ మారుతుంది. మాన్యువల్ ఏ స్థితిలో కొలవమందో అదే లెక్క. ఇంజను ఆయిల్‌ను సైడ్ స్టాండు మీద చూస్తే అది ఒక పక్కకు చేరి తప్పు మట్టం చూపుతుంది.

అపోహ: దించడానికి జాగ్రత్త అక్కర్లేదు

దించేముందు బైకు కింద పానాలు, డబ్బాలు లేకుండా చూసి, సైడ్ స్టాండు తెరిచి పెట్టాలి. కట్టిన ముందు బ్రేకును విప్పి, బైకు దిగి ముందుకు జరగగానే లీవరు నొక్కి ఆపాలి. డిస్క్ బ్రేకు క్యాలిపర్ విప్పిన సందర్భంలో ప్యాడ్లు వెనక్కి జరిగి ఉంటాయి. లీవరు గట్టిపడేదాకా పలుమార్లు నొక్కకుండా బైకును గేటు దాటించకూడదు.